పక్క నక్షత్రం

నాకొక నక్షత్రం ఉండేది. ఆ సంగతి నక్షత్రానికి తెలియదు గానీ మా ల్యాబులో అందరికీ తెలుసు. విశాఖలో పరిశోధన చేసినన్నాళ్లూ నేను దాని మీదే చేశాను. కేటలాగులో దానికి అంకెలతో పొడుగాటి పేరుంది. ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. "మేడమ్ గారి చుక్క" అనేవాళ్లు. పాప పుట్టబోయే ముందు సెలవు పెట్టాను. ఈలోగా మా ఆయనకు అరకు బదిలీ అయింది. ఆయనది ఉద్యానశాఖలో ఉద్యోగం, రోజూ కాఫీ తోటల చుట్టూ తిరగడమే పని. చంటిపిల్లతో ఘాట్ రోడ్డు దిగి ఎక్కి ఉద్యోగం చేయడం కుదరదని సెలవు పొడిగించాను. అప్పుడు మా గైడు నా చుక్కను ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు.

ఈ రంగంలోకి రాబోయే పిల్లలూ, న్యూట్రాన్ నక్షత్రం అంటే ఏమిటో మీ పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేస్తే కడుపులో ఎలా ఉంటుందో మాత్రం ఉండదు. అందుకని రాస్తున్నాను. పాప నిద్రపోయింది, లేచేలోగా ఎంతవరకు రాయగలిగితే అంత.

ముందు పని ఏమిటో కొంచెం చెప్పాలి. చాలా పెద్ద నక్షత్రం చచ్చిపోయాక మిగిలే గట్టి ముద్దే న్యూట్రాన్ నక్షత్రం. బరువు సూర్యుడి కంటే ఎక్కువ. వెడల్పు మాత్రం ఇక్కడి నుంచి అనంతగిరి దాకా, ఇరవై పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. దానికి జంటగా తిరిగే మామూలు నక్షత్రం ఒకటి ఉంటే, అందులోంచి వాయువును లాక్కుని తన ఒంటిమీద పోగేసుకుంటుంది. పోగైనది నలిగి, వేడెక్కి, ఒక్కసారిగా అంటుకుంటుంది. పొయ్యి మీద పాలు పొంగినట్టు ఎక్స్-కిరణాలు క్షణంలో పైకి లేచి, నిమిషం తిరక్కుండా చల్లారిపోతాయి. దీన్ని బర్స్ట్ అంటాం. కృష్ణబిలానికి అలా పొంగడానికి ఒళ్లే లేదు, పడిందల్లా లోపలికి పోతుంది. కాబట్టి ఒక వస్తువు న్యూట్రాన్ నక్షత్రమా, కృష్ణబిలమా అని అందరూ వాదించుకుంటున్నప్పుడు ఒక్క బర్స్ట్ కనబడితే చాలు, తగువు తీరిపోతుంది.

నా చుక్క అలాంటి తగువులో ఉన్నదే. అది ఒక్కసారి పొంగుతుందేమోనని ఉపగ్రహం పంపిన సమాచారాన్ని, నేనే రాసుకున్న కంప్యూటర్ కోడుతో ఏళ్ల తరబడి జల్లెడ పట్టాను. పొంగలేదు. పొంగలేదు అనే ముక్కనే రకరకాలుగా తిప్పి రాసి డాక్టరేటు, ఆ తర్వాత అదే ల్యాబులో ఉద్యోగమూ తెచ్చుకున్నాను.

నా తర్వాత దాన్ని తీసుకున్న అమ్మాయిది శ్రీకాకుళం అవతల ఒక పల్లెటూరు. మీటింగులో పుస్తకాల తెలుగూ ఇంగ్లీషూ చక్కగా మాట్లాడుతుంది. బయటికి రాగానే "ఏటక్కా, ఏటి సేత్తన్నావు?" అని మొదలుపెడుతుంది. ల్యాబు వాళ్ల గ్రూపులో రోజూ ఫొటోలు పెట్టేది. అందులో వెనకాల నా కుర్చీ కనబడేది. కిటికీ పక్కన, రెండు భవనాల మధ్య నుంచి చీలికంత సముద్రం కనబడే చోటు అది. ఆ కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుని, కాలు మీద కాలేసుకుని, టీ తాగుతూ ఉండేది. ముఖం చూస్తే తెలిసిపోయేది, రాత్రంతా కంటినిండా నిద్రపోయిందని. నిజం చెప్పాలంటే నాకు ముందు ఆ నిద్ర మీద ఈర్ష్య కలిగింది. కుర్చీ మీద తర్వాత. చుక్క మీద ఆఖర్న.

ఒకరోజు పాపకు అన్నం పెడుతుంటే ఫోను మోగింది.

"అక్కా! పొంగిందక్కా!"

"ఏది?"

"ఏదేటక్కా, నీ సుక్కే! అలా నిటారుగా లెగిసి మెల్లగా సల్లారిపోనాది. నాను కుర్సీలోంచి పడిపోనాను తెలుసా? సారేమో కళ్లద్దాలు తీసి తుడిసి మళ్లీ పెట్టుకున్నారు. నీ కోడుతోనే సూసానక్కా, నీ కోడే!"

"చాలా సంతోషం" అన్నాను. పాప నా చేతిలో ముద్దను చూస్తూ నోరు తెరిచి కూర్చుంది. నోట్లో పెట్టడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాను.

అన్నేళ్లు కాపలా కాశాను. నేను పక్కకు తిరగ్గానే ఇంకొకరి ముందు పొంగింది. పైగా నేను రాసిన కోడుతో. ఆ అమ్మాయి గొంతులో దాపరికం లేదు, గర్వం కూడా లేదు. ఉంటే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. ఆరోజంతా చిరాకుగా తిరిగాను. మా ఆయన కూరలో ఉప్పు తక్కువైందంటే, "మీ కాఫీ తోటలో తినండి" అన్నాను.

మర్నాడు గైడు ఫోను చేశారు. మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. పేపరు బయటికి వెళ్లే ముందు, ఆ పనిలో చెయ్యి పెట్టని మనిషి ఒకరు మొదటి సమాచారం నుంచి అంతా తాజాగా మళ్లీ చేసి చూడాలి. వాళ్లు సరేనంటేనే పేపరు కదులుతుంది. దీన్ని మేం దిష్టి తీయడం అనేవాళ్లం.

"ఆ చుక్క సంగతి నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదమ్మా. నువ్వే చూడాలి" అన్నారు. ఆ వెంటే, "సెలవు కూడా ఇంక పొడిగించడం కుదరదు. ఈ ఏడాది ఆఖరుకు నీకంటూ ఒక పని చూపిస్తే అక్కడ ఉండే చేయొచ్చు, నెలకోసారి వచ్చినా చాలు. లేకపోతే ఆ స్థానం ఇంకొకరికి ఇవ్వాలి" అన్నారు.

అంటే నా చుక్క పోయింది, స్థానం కూడా పోబోతోంది. పోగొట్టుకున్నదాని మీద ఇంకొకరు రాసిన పేపరుకు నేను ముద్ర వేయాలి. సరేనన్నాను.

అంత పెద్ద ఫైళ్లను అరకులో దింపుకోవడం గురించి ఎక్కువ చెప్పను. వాన పడితే కరెంటు పోతుంది, టూరిస్టులు ఎక్కువైతే నెట్టు పోతుంది. పాపను పక్కింటామె తీసుకెళ్లేది. ఆమె ఇక్కడి గిరిజన స్త్రీ, వాళ్లకు కొండ మీద కొంత కాఫీ, మిరియాలు ఉన్నాయి. "పాప నాకాడ ఉంటాది, నీ గీతలు నువ్వు సూసుకోమ్మా" అని నడుం మీద గుడ్డతో కట్టేసుకుని వెళ్లిపోయేది. పాప వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. సాయంత్రం నేను తీసుకోబోతే ఏడ్చేది. అది కూడా నాకు మింగుడుపడేది కాదు. ఆ వారాల్లో నాది అనుకున్న ప్రతిదీ ఇంకొకరి దగ్గర హాయిగా ఉన్నట్టు అనిపించేది.

మా ఉపగ్రహంలోని పరికరం ఫొటో తీయదు. పడిన కిరణాలను లెక్కపెడుతుంది, అంతే. రేకుల కప్పు మీద వాన చప్పుడు వింటాం గానీ ఏ మబ్బుదో చెప్పలేం కదా, అలాగన్నమాట. అది చూసే ఆకాశం ముక్క నిండు చందమామలు రెండు పక్కపక్కన పెట్టినంత వెడల్పుంటుంది. పరికరంలో కిరణాలు పట్టే పెట్టెలు మూడుంటాయి. మూడూ ఒకే వైపు చూస్తాయని చెప్పుకుంటాం గానీ వెంట్రుకవాసి తేడాలుంటాయి. వెలుగు హెచ్చుతగ్గుల గీత నున్నగా రావడానికి మూడింటి లెక్కనూ కలిపేసి చూడటం అందరికీ అలవాటు. నా కోడు కూడా అదే చేస్తుంది.

ఆ అమ్మాయి చేసినవన్నీ చేసి చూశాను. బర్స్ట్ నిజమే. చల్లారేటప్పుడు శక్తి ఎక్కువున్న గట్టి కిరణాలు ముందు తగ్గి, శక్తి తక్కువున్న మెత్తటివి తర్వాత తగ్గాయి. న్యూట్రాన్ నక్షత్రం ఒంటిమీద పొంగిందే, అనుమానం లేదు. ఎక్కడా తప్పు లేదు. ఇంకెవరైనా అయితే అక్కడితో సరేననేవాళ్లు. నేనూ ఆ అమ్మాయి మీద అక్కసు లేకపోతే అనేదాన్నే. తప్పు లేదంటే నా మనసు ఒప్పుకోలేదు. మూడు పెట్టెల లెక్కనూ విడదీసి వేరువేరుగా గీశాను.

ఒక పెట్టెలో పొంగు బాగా ఎత్తుగా ఉంది. ఇంకోదానిలో మధ్యస్థంగా. మూడోదానిలో ఉందా లేదా అన్నట్టుంది.

నా చుక్క ఆ ఆకాశం ముక్కకు నడిమధ్యలో ఉంటుంది. అక్కడ పొంగితే మూడు పెట్టెలకూ ఇంచుమించు ఒకేలా తెలియాలి. పెట్టె పాడైందేమోనని, పొంగుకు ముందూ వెనకా నా చుక్క నుంచి నిలకడగా వచ్చే వెలుగును కూడా మూడింట్లో పోల్చాను. అది సమానంగానే ఉంది. అంటే పెట్టెలు బాగానే ఉన్నాయి. పొంగింది నడిమధ్యలో కాదు, అంచున. కేటలాగు తీసి చూస్తే ఆ అంచున పాత బర్స్ట్ నక్షత్రం ఒకటుంది. చాలా ఏళ్లుగా చడీచప్పుడూ లేకుండా పడుంది. అది ఇక లేవదని అందరూ వదిలేశారు. అది పొంగిన చప్పుడు మా పరికరంలో పడింది, మేం నా చుక్కదనుకున్నాం.

నాకు కలిగిన ఆనందం ఎలాంటిదో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. పాప పుట్టినప్పటి ఆనందం కాదు గానీ, దానికి దగ్గర్లోనే ఎక్కడో ఉంటుంది. నా చుక్క నాకు తప్ప ఇంకొకరికి పొంగలేదు. అదీ సంగతి.

మీటింగు సంత రోజు పడింది. కొండల మీది ఊళ్లన్నీ ఆరోజు అరకులోనే ఉంటాయి. మా ఇంటి ముందు నుంచి రాజ్మా సంచులూ కోళ్లూ జీపులూ పోతూనే ఉన్నాయి. నెట్టు ఆగుతుందని నా వీడియో ఆపేసి గొంతు మాత్రం ఉంచుకున్నాను. మూడు గీతలు తెర మీద పెట్టి, ఒక్కొక్కటే చూపించి చెప్పాను. గైడు కళ్లద్దాలు తీశారు. ఆ అమ్మాయి తెర దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూసింది.

"మేడమ్, మూడు పెట్టెలూ కలిపింది మీ కోడే కదా" అంది. అక్కా అనలేదు.

"అవును. అప్పట్లో నాకు అంతవరకే అవసరమైంది."

ఇంకాస్త చూసింది. తర్వాత గైడు వైపు తిరిగింది. "సార్, మేడమ్ చెప్పింది సరైనదే. ఇది మన చుక్కది కాదు."

మన చుక్క అంది. గెలిచిన ఆనందంలో కూడా ఆ మాట గుచ్చుకుంది.

సాయంత్రం పక్కింటామె పాపను దింపుతూ, "ఏటమ్మా, ముఖం అలా ఎలిగిపోతంది?" అంది. ఉన్నదంతా వీలైనంత తేలిగ్గా చెప్పాను. ఆమె పగలబడి నవ్వింది.

"పక్కింటోల్ల పొయ్యి రాజుకుంటే మనింట్లో వంట అయిపోనాదని ఇస్తరాకులు ఏసేసుకున్నారేటమ్మా? సదువుకున్నోల్లు!"

నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం నవ్వకుండా, "అయితే ఇప్పుడు నీ చుక్క నీకు ఇచ్చేస్తారా?" అని అడిగారు.

అదే మాట మర్నాడు గైడును అడిగాను. "నేను ఇచ్చేశానమ్మా. ఇప్పుడది ఆ అమ్మాయి చేతిలో ఉంది. నువ్వే అడుగు" అన్నారు.

ఎలా అడుగుతాను? పేపరు కూల్చేసి, ఆ వెంటనే ఫోను చేసి, పోతే పోయింది గానీ ఆ చుక్క ఇలా ఇచ్చెయ్ అనాలా? కూల్చింది అందుకేనని ల్యాబులో అందరూ అనుకోరా? అందుకు కాదని నాకు మాత్రం తెలుసా? ఫోను తీసేదాన్ని, పెట్టేసేదాన్ని. అటునుంచి కూడా ఏమీ రాలేదు. గ్రూపులో ఫొటోలు ఆగిపోయాయి. కుర్చీ ఖాళీగా ఉందో, అందులో కూర్చుని ఏడుస్తోందో తెలియలేదు. ఏడిస్తే బాగుండునని ఒక పూటా, ఏడవకపోతే బాగుండునని ఒక పూటా అనుకున్నాను. ఏడాది ఆఖరు దగ్గరపడుతోంది. పాపకు జలుబు చేసింది. ఈ చలికి తట్టుకుంటుందా, నా ఉద్యోగం పోతే మళ్లీ ఎప్పటికైనా దొరుకుతుందా అని రెండు భయాలూ ఒకదాన్నొకటి తరుముకునేవి.

పొలాల్లో వలిసె పూలు పసుప్పచ్చగా పూసిన ఆదివారం, విశాఖ రైలు వచ్చిన కాసేపటికి ఆ అమ్మాయి మా గుమ్మంలో నిలబడింది. జుట్టులో పసుపు పూరేకులు. దారిలో ఎవరిదో పొలంలో దిగి ఫొటోలు తీయించుకుందట. ఒక చేతిలో పాపకు బొమ్మ, ఇంకో చేతిలో లాప్‌టాప్.

దెబ్బలాడటానికి వచ్చిందనుకున్నాను.

"ఏటక్కా, ఇలా సిక్కిపోనావు? తినడం మానేసావేటి?" అని లోపలికి వచ్చేసింది. "గుంట అచ్చం నీ పోలికే! ఇటురామ్మా, ఇటురా." పాప ఆ అమ్మాయి దగ్గరికి కూడా వెళ్లిపోయింది. ఇంట్లో ఒక్కరైనా నా వైపు ఉంటారేమోనని చూశాను, ఉన్నట్టు లేదు.

టీ ఇచ్చాను. తాగకుండా లాప్‌టాప్ తెరిచింది.

"నువ్వు ఆరోజు మనది కాదు, పక్కది అన్నావు కదక్కా. మూడు రోజులు ఏడ్సినాను, అబద్ధం ఎందుకు. నాలుగోనాడు అనుకున్నాను, పక్కదంటే మరి అదేటి సేత్తందో సూద్దామని."

తెర మీద గీతలు వచ్చాయి. వేరే ఉపగ్రహం ఒకటి ఆకాశాన్నంతా రోజూ తిరిగి చూస్తుంది, దాని సమాచారం ఎవరైనా తీసుకోవచ్చు. అందులో, ఆ అంచునున్న పాత నక్షత్రం చోట, కొన్ని వారాలుగా వెలుగు మెల్లగా పెరుగుతూ ఉంది. చచ్చిందనుకున్నది లేచింది. ప్రపంచంలో ఎవరూ గమనించలేదు. ఆ అమ్మాయి అక్కడితో ఆగకుండా మా పరికరం అటువైపు చూసిన రోజులన్నీ తీసి, పెట్టెలు విడదీసి వెతికింది. బర్స్ట్‌లు దొరికాయి. ఒకటి కాదు. ఒకచోట రెండు ఒకదాని వెంట ఒకటి, మొదటిది పూర్తిగా చల్లారకముందే రెండోది లేచింది. అలాంటిది అరుదు. దాని కోసమే జీవితమంతా వెతికేవాళ్లున్నారు.

నా చుక్కది కాదు అని తేలగానే నేను చేతులు దులిపేసుకున్నాను. పక్కది అనే మాట నా నోటి నుంచే వచ్చింది. ఆ పక్కది ఎందుకు లేచింది, ఏం చేస్తోంది అని ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఆ అమ్మాయిది కాకుండా పోవడమే నాకు కావలసింది. అది ఎవరిదో నాకు అక్కర్లేకపోయింది. అంతకుముందు పడిన ఈర్ష్య అంతా దీని ముందు ఏపాటిది? అప్పుడు నాది పోయిందని బాధ. ఇప్పుడు నా చేతిలోకి వచ్చినదాన్ని నేనే వదిలేస్తే ఈ పిల్ల వంగి తీసుకుంది.

"బాగుంది" అన్నాను. ఆ జంట పొంగుల గీతను ఇంకోసారి చూసి, "చాలా బాగుంది" అన్నాను.

"నీ పేరు రెండోది పెడతన్నానక్కా. నువ్వు విడదీయకపోతే ఇదంతా ఏది?"

ఇంతకంటే మంచి సమయం రాదని ధైర్యం తెచ్చుకున్నాను. "నాదొక మాట. ఆ పాత చుక్క... నేను చేసినది... అది నాకు మళ్లీ..."

మాట పూర్తి కాలేదు. "తీసుకోక్కా! నాకేటికి అది, ఎప్పుడూ పొంగదు. నానే సార్‌తో సెప్పేత్తాను, నీ పేరు మీదే రాసెయ్యమని" అని, పాప ముక్కు తుడిచి, చల్లారిన టీ గటగటా తాగేసింది.

ఇన్నాళ్లు నిద్ర లేకుండా తపించినది అంత తేలిగ్గా వచ్చేసింది, ఎవరో ఇల్లు మారుతూ మీకు పనికొస్తే ఉంచుకోండని ఇచ్చిపోయిన సామానులా. స్థానం నిలిచింది. పాపను వదలక్కర్లేదు, అరకు వదలక్కర్లేదు. సంతోషించాను, నిజంగానే. కానీ ఆ సాయంత్రం లాప్‌టాప్ తెరిచి నా చుక్క తీసి పెట్టుకున్నాక, కళ్లు మధ్యలో నిలవకుండా అంచుకే పోయాయి.

కొన్నాళ్లకు పక్క నక్షత్రం పేపరు తయారైంది. రెండో పేరు వద్దన్నాను. మంచితనం అనుకోకండి. ఆ పేరు చూసినప్పుడల్లా మొదటిది నాది కాదని గుర్తుకు రావడం నాకు ఇష్టం లేదు. పేరు లేదు కాబట్టి, చెయ్యి పెట్టని మనిషిగా దాన్ని సరిచూడమని మళ్లీ నాకే వచ్చింది. మొదటి నుంచీ చేశాను. పెట్టెలు విడదీశాను, కలిపాను, మళ్లీ విడదీశాను. ఆకాశంలో ఆ చుట్టుపక్కల ఇంకేదైనా ఉందేమోనని ప్రతి మూలా వెతికాను. ఏమీ లేదు. సరిగ్గా ఉంది అని రాసి పంపాను.

పంపిన కాసేపటికే ఫోను వచ్చింది.

"ఏటక్కా, సరిగ్గా ఉందని ఒక్క ముక్క రాసేసావు? బాగా సూసావా?"

"చూశాను."

"ఎక్కడా సిన్న తప్పు కూడా లేదా?"

"వెతికాను. దొరకలేదు." ఇంక దాచడం ఎందుకనిపించింది. "దొరికితే బాగుండుననే వెతికాను" అన్నాను.

అటునుంచి పెద్ద నవ్వు.

"నాకు తెలుసక్కా. సార్ ఇంకోలకి ఇద్దామన్నారు. నానే నీకిమ్మన్నాను. నానంటే పడి సచ్చేటోలు సూత్తే తప్పులేటి దొరుకుతాయి?"